రాఖ్మానినోవ్ వాయించిన రికార్డులు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి

త్యాగరాజస్వామి ఎలా పాడారో, షోపాన్ ఎలా వాయించాడో మనం ఊహించుకోవలసిందే. రష్యన్ స్వరకర్త, పియానో విద్వాంసుడు సెర్గేయ్ రాఖ్మానినోవ్ (1873–1943) విషయంలో ఆ బాధ లేదు. ఆయన రాసిన సంగీతాన్ని ఆయన చేతులతోనే వినవచ్చు. 1919 నుంచి 1942 వరకు పియానో వాయించి, ఆర్కెస్ట్రాను నడిపించి ఆయన చేసిన రికార్డులు దాదాపు అన్నీ నేడు ఫోనులోనే దొరుకుతాయి. అయినా చాలామంది ఈయన సంగీతాన్ని ఇప్పటి కళాకారుల నుంచి విని, ఇది విరహం, కన్నీళ్లు, సాగదీసిన రాగాలు అనే అభిప్రాయానికి వచ్చేస్తారు. స్వయంగా ఆయన వాయించినది వింటే ఆ అభిప్రాయం నిలవదు. ఆయన లయ బిగువుగా ఉంటుంది. మాధుర్యం ఉన్నచోట కూడా ఆయన ఆగి దాన్ని చప్పరించడు, ముందుకు నడుస్తూనే ఉంటాడు. పాశ్చాత్య సంగీతం కొత్త అయినా పరవాలేదు, కింద చెప్పిన వరుసలో వినండి. వారానికి ఒకటి చొప్పున తీసుకుంటే తొందరపడకుండా పూర్తవుతుంది.

1. ముందు సరైన రికార్డు ఎంచుకోండి

వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఆంగ్లంలో ఆయన పేరు చివర కొందరు రెండు ‘ఎఫ్’లు రాస్తారు, కొందరు ‘వి’ రాస్తారు. ఆయన సంతకం రెండు ‘ఎఫ్’లతోనే ఉండేది. పాత రికార్డులు ఎక్కువగా ఆ పేరుతోనే కనిపిస్తాయి. పేరు పక్కన రికార్డింగు సంవత్సరం ఉందో లేదో తప్పక చూడండి. సంవత్సరం ఇవ్వని వీడియోను వదిలేయండి.

రెండో చిక్కు దీనికంటే పెద్దది. శబ్దం నిన్న రికార్డు చేసినంత స్వచ్ఛంగా ఉంటే అది ఆయన గ్రామఫోను రికార్డు కాదు. ఆయన ఆంపికో అనే కంపెనీ కోసం పియానో రోల్స్ కూడా చేశాడు. అంటే వాయిస్తున్నప్పుడు ఏ మెట్టు ఎప్పుడు నొక్కాడన్నది కాగితపు చుట్ట మీద రంధ్రాలుగా నమోదవుతుంది, తర్వాత యంత్రం అమర్చిన పియానో దాన్ని చదివి తిరిగి వాయిస్తుంది. వీటిని కొత్త పియానోల మీద వాయింపజేసి ఆల్బములుగా తెచ్చారు. పాత రికార్డులను కంప్యూటర్‌తో విశ్లేషించి కొత్త పియానో చేత వాయింపజేసినవీ ఉన్నాయి. ఇవి ఆసక్తికరమైనవే, కానీ మొదట వినకండి. వేలి బరువు, పెడల్ మీద కాలు, గదిలో మోగిన నాదం గ్రామఫోను రికార్డులోనే నిజంగా ఉన్నాయి.

మూడోది, గరగర శబ్దానికి భయపడకండి. పాత ప్లేటును శుభ్రం చేసేవారు ఆ చప్పుడును పూర్తిగా తుడిచేస్తే దానితోపాటు పియానో పైస్థాయి మెరుపు కూడా పోతుంది, గుడ్డ కప్పి వాయించినట్టు ఉంటుంది. ఒకే రికార్డు రెండు మూడు చోట్ల దొరికితే కొద్దిగా గరగరలాడేదే తీసుకోండి. ఐదు నిమిషాల్లో చెవి దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఆర్సీయే అనే రికార్డు కంపెనీ 1992లో పది సీడీల సంపుటంగా తెచ్చిన సమగ్ర సేకరణ ఉంటే దాన్నే ఆధారంగా పెట్టుకోవచ్చు. ఫోను స్పీకరు మాత్రం వద్దు, హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. ఈయన ఎడమచేతి పని సగం మంద్రస్థాయిలోనే జరుగుతుంది.

2. ఒకే ప్రెల్యూడ్‌ను మూడుసార్లు వినండి

ప్రెల్యూడ్ అంటే ఇక్కడ పియానోకు రాసిన చిన్న రచన. సి షార్ప్ మైనర్ ప్రెల్యూడ్‌తో మొదలుపెట్టండి. మాస్కో కన్సర్వేటరీలో చదువు ముగించిన ఏడాదే, 1892లో, పందొమ్మిదేళ్ల వయసులో రాసిన నాలుగు నిమిషాల రచన ఇది. రష్యా అప్పటికి అంతర్జాతీయ కాపీరైటు ఒప్పందంలో లేదు. అందుకే విదేశీ ప్రచురణకర్తలు దీన్ని ఇష్టం వచ్చినట్టు అచ్చు వేసుకున్నారు, ఆయనకు దక్కింది దాదాపు శూన్యం. తర్వాత అమెరికాలో ఎక్కడ కచేరీ చేసినా చివర్లో జనం ఇదే కావాలని కేకలు వేసేవారు, ఆయనకు విసుగు పుట్టేంతగా.

దీన్ని ఆయన 1919లో ఎడిసన్ కంపెనీకి, 1921లో, 1928లో విక్టర్ కంపెనీకి రికార్డు చేశాడు. మూడింటినీ వెంటవెంటనే వినండి. మొదటి రెండూ మైక్రోఫోను రాకముందువి. పెద్ద కొమ్ములాంటి గొట్టం ముందు వాయిస్తే ఆ శబ్దపు బలంతోనే సూది కదిలి మైనం మీద గాడి పడేది. మంద్ర స్వరాలు అందులోకి సరిగా ఎక్కేవి కావు. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చింది. 1928 నాటి రికార్డులో మొదటి మూడు స్వరాలు పడగానే తేడా మీకే తెలుస్తుంది. గంట మోగినట్టు కింద నుంచి నాదం లేస్తుంది.

ఇక్కడే ఒక అలవాటు చేసుకోండి. ప్రతి రచనకూ ఒక్కటే శిఖరం ఉంటుందని, వాయించేవాడి లెక్కంతా దాన్ని సరిగ్గా చేరడంలోనే ఉందని ఆయన నమ్మకం. అది తప్పితే కచేరీ మొత్తం కూలిపోయినట్టే బాధపడేవాడని ఆయన స్నేహితురాలు, రచయిత్రి మరియెట్టా షాగిన్యాన్ రాసింది. ప్రెల్యూడ్ వింటూ ఆ శిఖరం మీకు ఎక్కడ అనిపించిందో నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి. మధ్యలో వేగంగా పరుగెత్తే భాగం ముగిసి, మొదటి మూడు స్వరాలు మహా గర్జనగా తిరిగివచ్చే చోటు వినండి. అక్కడిదాకా ఆయన బలాన్ని ఎలా దాచుకుంటూ వచ్చాడో రెండోసారి వింటే అర్థమవుతుంది. ఈ పనిని ఇకపై ప్రతి రికార్డుకూ చేయండి. ఆయన సంగీతం తెలుసుకోవడానికి ఇంతకు మించిన తాళంచెవి నాకు తెలియదు.

3. రెండో కన్సర్టో: 1929 రికార్డు

కన్సర్టో అంటే ఒక వాద్యం ప్రధానంగా, ఆర్కెస్ట్రా తోడుగా సాగే పెద్ద రచన. వినడానికి ముందు నాలుగేళ్ల కథ తెలియాలి. 1897లో పీటర్స్‌బర్గ్‌లో ఆయన మొదటి సింఫనీని (ఆర్కెస్ట్రా మొత్తం వాయించే పెద్ద రచన) స్వరకర్త గ్లజునోవ్ నడిపించాడు. సాధన చాలక ప్రదర్శన చెడింది. విమర్శకుడు సెజార్ క్యుయి ఆ సింఫనీని బైబిల్లో ఈజిప్టు మీద పడిన తెగుళ్లతో పోల్చాడు. ఇరవై నాలుగేళ్లు నిండని యువకుడికి అది తట్టుకోలేని దెబ్బ. మూడేళ్లదాకా చెప్పుకోదగ్గ రచన ఏదీ రాలేదు. 1900లో నికొలాయ్ దాల్ అనే వైద్యుడు హిప్నోసిస్‌తో చికిత్స చేశాడు. ఆ వెంటనే మొదలై 1901లో పూర్తయిన రెండో కన్సర్టోను ఆయన ఆ వైద్యుడికే అంకితమిచ్చాడు.

1929 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో, లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ నిర్వహణలో ఆయన దీన్ని రికార్డు చేశాడు. మొత్తం అరగంటకు కాస్త ఎక్కువ. ఆరంభంలో పియానో ఒంటరిగా వరుసగా కొట్టే స్వరాల గుత్తులు నెమ్మదిగా మొదలై ఉప్పొంగుతాయి. వెంటనే తీగవాద్యాలు పెద్ద రాగాన్ని ఎత్తుకుంటాయి. అప్పుడు రాగాన్ని వదిలి పియానోను మాత్రమే పట్టుకోండి. అంత పేరున్న వాద్యకారుడు తన సొంత కన్సర్టో మొదట్లోనే ప్రధాన రాగాన్ని ఇతరులకు ఇచ్చి, తాను కింద అలలుగా సహకారం వాయిస్తున్నాడు. వేగం కూడా గమనించండి. ఇప్పటి వాద్యకారులు ఎక్కువమంది ఇక్కడ నిట్టూర్పులు విడుస్తూ నెమ్మదిస్తారు, ఆయన నడక ఆపడు. ఆ నడక వల్లే తర్వాత వచ్చే నెమ్మది భాగానికి విలువ వస్తుంది.

ఒక సంగతి మనసులో ఉంచుకోండి. పన్నెండు అంగుళాల ప్లేటుకు ఒక వైపు నాలుగు, నాలుగున్నర నిమిషాలకు మించి పట్టదు. మన పద్యనాటకాల ప్లేట్లు విన్నవారికి ఈ ఇబ్బంది తెలిసినదే, రాగాలాపనను కత్తిరించి మూడు నిమిషాల్లో పద్యం ముగించేవారు. కన్సర్టోను కత్తిరించలేదు కానీ ప్రతి నాలుగు నిమిషాలకు అందరూ ఆగి, మైనం మార్చి, మళ్లీ అదే ఊపులో ఎత్తుకోవాలి. అతుకులు ఎక్కడున్నాయో పట్టుకోవడానికి ప్రయత్నించండి, కష్టమే.

4. ఇతరుల సంగీతం వాయిస్తున్నప్పుడు వినండి

దీన్ని దాటవేయకండి. నా దృష్టిలో ఆయన అత్యుత్తమ రికార్డులు ఇక్కడే ఉన్నాయి.

విప్లవం వచ్చిన 1917లోనే, డిసెంబరులో ఆయన కుటుంబంతో రష్యా వదిలి ఫిన్లాండ్ మీదుగా స్వీడన్ చేరాడు. ఎంతో ప్రేమించిన ఇవానోవ్‌కా ఎస్టేటు పోయింది. 1918 నవంబరులో న్యూయార్క్‌లో దిగేనాటికి వయసు 45. ఇల్లు గడవడానికి ఉన్న దారి పియానో ఒక్కటే. అప్పటిదాకా కచేరీల్లో ఎక్కువగా తన రచనలే వాయించినవాడు ఆ వయసులో కూర్చుని ఇతరుల రచనలు పెద్ద ఎత్తున సాధన చేశాడు. ఏడాదికి పదుల సంఖ్యలో కచేరీలు, రైళ్లలో ప్రయాణాలు. రాయడం దాదాపు ఆగిపోయింది. దేశం విడిచాక బతికిన పాతికేళ్లలో ఓపస్ సంఖ్య (రచనలకు ఇచ్చే వరుస సంఖ్య) వేసినవి ఆరే రచనలు, 40 నుంచి 45 వరకు. మనకు ఇన్ని రికార్డులు దొరకడానికీ, ఇన్ని రచనలు దొరకకపోవడానికీ కారణం ఒకటే.

1930 ఫిబ్రవరిలో రికార్డు చేసిన షోపాన్ రెండో సొనాటా (కొన్ని భాగాలుగా సాగే వాద్య రచన) తీసుకోండి. అందులో మూడో భాగం శవయాత్ర సంగీతం, ఆ బాణీ మీరు ఎక్కడో విన్నదే. మెల్లగా మొదలై పెరుగుతుంది, మధ్యలో శాంతమైన పాట వస్తుంది, తర్వాత మళ్లీ శవయాత్ర. ఈ రెండో రాకను ఆయన షోపాన్ రాసినట్టు మెత్తగా ఎత్తుకోడు, పూర్తి బలంతో విరుచుకుపడతాడు. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతాడు. ఊరేగింపు దూరం నుంచి మన ముందుకు వచ్చి, దాటి, వెళ్లిపోయినట్టు ఉంటుంది. ఈ పద్ధతి ఆయన చిన్నప్పుడు విని ఆరాధించిన అంతోన్ రూబిన్‌స్టీన్‌ది. రాతప్రతిని తు.చ. తప్పకుండా వాయించాలనేవారికి ఇది నచ్చదు. నాకు మాత్రం ఇది విన్న తర్వాత రాసినట్టు వాయించినవి చప్పగా అనిపిస్తాయి. ఆ భాగాన్ని వాల్యూమ్ ముట్టుకోకుండా మొదటి నుంచి చివరిదాకా వినండి. మధ్యలో వాల్యూమ్ పెంచితే ఆయన కట్టిన దూరాలన్నీ చెరిగిపోతాయి.

తర్వాత 1929 నాటి షూమన్ ‘కార్నవాల్’. ఇందులో ‘స్ఫింక్స్‌లు’ అని మూడు చిన్న స్వర సముదాయాలు ఉన్నాయి. అవి రచనకు ఆధారమైన రహస్య సంకేతాలే తప్ప వాయించేవి కావని చాలామంది వదిలేస్తారు. రాఖ్మానినోవ్ వదలడు. కింది స్థాయిలో గుడగుడలాడిస్తూ భయపెట్టేలా వాయిస్తాడు. కొన్ని సెకన్లే, ఏమరుపాటుగా ఉంటే దాటిపోతుంది.

వయొలిన్ విద్వాంసుడు ఫ్రిట్జ్ క్రైస్లర్‌తో కలిసి 1928లో చేసిన మూడు సొనాటాలు కూడా ఈ వారంలోనే వినండి. అవి బీథోవెన్, షూబర్ట్, గ్రీగ్ రచనలు. క్రైస్లర్ మొదటిసారికే తృప్తిపడే మనిషి, ఈయన అలా కాదు. గ్రీగ్ సొనాటా ఆరు వైపులనూ ఒక్కొక్కటి ఐదుసార్లు చొప్పున రికార్డు చేసి, మంచివి ఏరి, మిగతావి నాశనం చేయించామని రాఖ్మానినోవే చెప్పాడు. ఎడిసన్ కంపెనీని వదిలి 1920లో విక్టర్‌కు మారడానికి కూడా ఈ పట్టుదలే కారణం, తాను ఒప్పుకోని వాయింపులను వాళ్లు మార్కెట్లోకి వదిలారు. రేడియోలో తన కచేరీలు ప్రసారం కావడానికీ ఆయన ఒప్పుకోలేదు. అందుకే సభలో జనం ముందు వాయించిన రాఖ్మానినోవ్ మనకు దాదాపు లేడు, ప్లేటు ముందు వాయించినవాడే ఉన్నాడు.

వీటి మధ్య ఒక చిన్న వింత రికార్డు ఉంది. 1926లో నజేజ్దా ప్లెవిత్‌స్కాయా అనే రష్యన్ జానపద గాయని పాడుతుంటే ఆయన పియానో సహకారం వాయించాడు. ఆ పాటనే అదే ఏడాది ‘మూడు రష్యన్ పాటలు’ అనే రచనలో వాడుకున్నాడు. ఈ గాయని తర్వాత పారిస్‌లో ఒక ప్రవాస రష్యన్ సేనాని అపహరణ కేసులో సోవియట్ గూఢచారిగా శిక్షపడి జైల్లోనే చనిపోయింది. ఆ కథ తెలియకపోయినా పాట వినదగ్గది. అందులో పియానో పల్లెపాట వెంట కాళ్లు కదిపినట్టు నడుస్తుంది.

5. ఆర్కెస్ట్రా ముందు నిలబడ్డ రాఖ్మానినోవ్

మూడే ముఖ్య రికార్డులు, మూడూ ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతోనే. 1929లో ‘మృతుల ద్వీపం’, ‘వొకలీజ్’, 1939లో మూడో సింఫనీ.

‘మృతుల ద్వీపం’ (1909) బోక్లిన్ గీసిన చిత్రం చూసి రాసింది. తెల్లని వస్త్రం కప్పుకున్న మనిషితో ఒక పడవ రాతి ద్వీపం వైపు పోతుంటుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇక్కడ ఒక ఆనందం ఉంది. తెడ్డు వేసే లయ ఐదు మాత్రలది. ఖండచాపు వేసినట్టు తొడ మీద తాళం వేసుకుంటూ వినండి. కాసేపటికి విభజన 2+3 నుంచి 3+2కి, అటు నుంచి ఇటు మారుతున్నట్టు చేతికి తెలుస్తుంది. వినేవారిని నేల మీద నిలబడనివ్వని ఆ ఊగిసలాట రహస్యం అదే.

6. పగనీని రాప్సొడి: సిరా ఆరకముందే చేసిన రికార్డు

స్విట్జర్లాండ్‌లో లూసెర్న్ సరస్సు ఒడ్డున కట్టుకున్న సెనార్ అనే ఇంట్లో 1934 వేసవిలో దీన్ని రాశాడు. నవంబరు 7న బాల్టిమోర్‌లో మొదటి ప్రదర్శన, డిసెంబరు 24న రికార్డింగు. స్టొకోవ్‌స్కీయే నిర్వాహకుడు. పగనీని అనే వయొలిన్ విద్వాంసుడి బాణీ ఒకటి తీసుకుని 24 రకాలుగా మార్చిన రచన ఇది. మనోధర్మం మీద ఇష్టం ఉన్న మన శ్రోతలకు ఇందులో దారి సులభంగా దొరుకుతుంది.

మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి 18వ మార్పు దగ్గర ఆగండి. అందరికీ తెలిసిన ప్రేమరాగం అది. పగనీని బాణీని తలకిందులు చేస్తే, అంటే పైకి పోయే స్వరాలను కిందికీ, కిందికి పోయేవాటిని పైకీ తిప్పితే ఈ రాగం వస్తుంది. మొదటి బాణీని రెండుసార్లు కూనిరాగం తీసి వెంటనే దీన్ని పెట్టుకోండి, చుట్టరికం చెవికి అందుతుంది. ఆయన దీన్ని వాయించే తీరులో జాలి లేదు, గౌరవం ఉంది. ఏడిపించాలనే ఉద్దేశం లేకపోవడం వల్లే గుండెను పట్టుకుంటుంది.

7. చివరి రికార్డులు

1942 ఫిబ్రవరిలో హాలీవుడ్‌లో చేసినవి చివరివి. బాహ్ వయొలిన్ పార్టీటా (నృత్య భాగాల వరుస) నుంచి తాను పియానోకు మలచుకున్న భాగాలు, చైకోవ్‌స్కీ లాలిపాట అందులో ఉన్నాయి. ఆ లాలిపాటను పియానోకు మలచడమే (1941) ఆయన చివరి రచన. 1942 ఆగస్టులో అమెరికా సంగీతకారుల సంఘం రికార్డింగులు బహిష్కరించింది. 1943 ఫిబ్రవరి 17న నాక్స్‌విల్‌లో చివరి కచేరీ చేశాడు. అందులో షోపాన్ రెండో సొనాటా కూడా ఉంది. మార్చి 28న క్యాన్సర్‌తో బెవర్లీ హిల్స్‌లో కన్నుమూశాడు.

అయితే మీరు ఇంకొకటి వినాలి. 1940 డిసెంబరులో ‘సింఫొనిక్ నృత్యాలు’ ప్రదర్శనకు సిద్ధమవుతున్న ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా నిర్వాహకుడు యూజీన్ ఓర్మండీకి, అది ఎలా నడవాలో రాఖ్మానినోవ్ పియానో మీద వాయించి చూపించాడు. ఎవరో దాన్ని రికార్డు చేశారు. మార్స్టన్ సంస్థ 2018లో విడుదల చేసేదాకా ఇది లోకానికి అందలేదు. ముక్కలు ముక్కలుగా, ముందువెనుకలుగా ఉంటుంది. ప్లేటు భయం లేదు, ఐదుసార్లు మళ్లీ రికార్డు చేసే పట్టింపు లేదు. అరవై ఏడేళ్ల మనిషి ఆర్కెస్ట్రా మొత్తాన్ని పది వేళ్లలో మోస్తుంటే, స్టూడియో రికార్డుల్లో అణచిపెట్టిన ఉద్వేగం ఇందులో పొంగిపోతుంది. మొదటి నృత్యం చివర మెత్తగా ఒక రాగం వస్తుంది. అది 1897లో కూలిపోయిన మొదటి సింఫనీలోది. ఆయన జీవితకాలంలో ఆ సింఫనీని ఎవరూ మళ్లీ వాయించలేదు. ఆ రాగాన్ని ఎవరూ గుర్తుపట్టరని తెలిసే అక్కడ పెట్టుకున్నాడు. సింఫనీ వాద్యభాగాలు ఆయన పోయాక లెనిన్‌గ్రాడ్‌లో దొరికి, 1945లో మాస్కోలో మళ్లీ వినిపించింది.

8. ఆయన వాయించనివాటికి ఎవరి దగ్గరికి వెళ్లాలి

కొన్ని ముఖ్యమైనవి ఆయన రికార్డు చేయలేదు. 1931లో రాసి క్రైస్లర్‌కు అంకితమిచ్చిన ‘కొరెల్లి వేరియేషన్స్’ (ఒకే బాణీకి వరుస మార్పులు) అందులో ఒకటి. సభలో దగ్గులు పెరిగితే తర్వాతి మార్పును దాటవేసేవాడినని ఆయన ఒక లేఖలో రాసుకున్నాడు. 1915 నాటి ‘రాత్రి జాగరణ ప్రార్థన’ వాద్యాలు లేని బృందగానం. దానికి స్వెష్నికోవ్ 1965లో సోవియట్ బృందంతో చేసిన రికార్డు వినండి.

మూడో కన్సర్టోను మాత్రం ఆయన 1939–40లో ఓర్మండీతో రికార్డు చేశాడు, కానీ అక్కడక్కడ కత్తిరించి వాయించాడు. తన పొడవైన రచనల మీద ఆయనకు ఎప్పుడూ అనుమానమే. మొదట అదే వినండి. తర్వాత వ్లదిమిర్ హొరొవిట్జ్ 1930లో లండన్‌లో చేసిన రికార్డు వినండి, ఈ కన్సర్టోకు వచ్చిన మొట్టమొదటి రికార్డు అదే, ఆయన వాయింపును రాఖ్మానినోవ్ ఎంతో మెచ్చుకున్నాడు. కోతలు లేకుండా మొత్తం కావాలంటే 1958లో కార్నెగీ హాల్‌లో వాన్ క్లైబర్న్ వాయించినది పెట్టుకోండి. మూడింటిలోనూ శిఖరం ఎక్కడ వచ్చిందో నిమిషం, సెకను పక్కపక్కన రాసుకుని చూడండి. కోతల వల్ల అంకెలు కలవవు, అందుకని అది ఏ రాగం తర్వాత వచ్చిందో కూడా రాసుకుంటే పోల్చుకోవడం తేలిక.